అద్దె నాలుకతో రామెన్ వేట

మా ఆయనకు వాసన పోయిందన్న సంగతి డ్యూరియన్ పండు వల్ల బయటపడింది. ఒక ఆదివారం పొద్దున మా అమ్మాయి స్నేహితురాలు డబ్బా నిండా డ్యూరియన్ తొనలు తెచ్చి మా భోజనాల బల్ల మీద పెట్టింది. కుళ్లిన ఉల్లిపాయల్లా కంపుకొట్టే ఈ పండు అమ్మే కొట్టు కనపడితే రోడ్డు దాటి అవతలి పక్కన నడిచే మనిషి, మూత తీసిన ఆ డబ్బా పక్కనే కూర్చుని నిమ్మళంగా ఉప్మా తిన్నాడు. ఇంకాస్త పెట్టమని పళ్లెం కూడా చాపాడు. నేను గరిటె పట్టుకుని వంటింటి గుమ్మంలో అలాగే నిలబడిపోయాను.

"ఏవండీ, మీకేం వాసన రావట్లేదా?"

"ఎందుకు, ఏమన్నా మాడిందా?" అన్నాడు ఫోన్లోంచి తలెత్తకుండా.

అంతకుముందు నెల ఇంటిల్లిపాదీ జ్వరపడ్డాం. నాకూ పిల్లకూ జ్వరం తగ్గి, వెనకే వాసనలు తిరిగొచ్చాయి. ఆయనకు జ్వరం ఒక్కటే తగ్గింది. ఆ సంగతి అప్పటిదాకా కడుపులో దాచుకుని తిరుగుతున్నాడు. ఉప్పు, పులుపు, తీపి, చేదు, ఇంత మటుకు నాలుక చెబుతోందట. మిగతాదంతా మూగపోయిందట. నేను పెట్టేది పులుసో చారో చిక్కదనాన్ని బట్టి పోల్చుకుంటున్నాడట.

ఇంకే ఉద్యోగస్తుడైనా దీన్ని ఓర్చుకుని బతికేయొచ్చు. మా ఆయన ఉద్యోగమే రుచులు తయారుచేయడం. ప్యాకెట్ నూడుల్స్‌లో చిన్న పొట్లం ఉంటుంది కదా, అందులోని పొడి ఎలా ఉండాలో తేల్చే మనిషి ఆయన. కృష్ణా జిల్లాలో ఉన్న మా చుట్టాలకు ఈ పని ఇప్పటికీ అంతుపట్టలేదు. మా పిన్ని అయితే "అల్లుడుగారు సింగపూర్లో వంట మాస్టరు" అని అందరికీ చెప్పేసింది. దాంతో ఒక పెళ్లిలో వంటవాళ్లు ఆయన్ని వెనక్కి పిలుచుకెళ్లి పులిహోర రుచి చూడమన్నారు. చింతపండు పులుసు ఇంకాస్త మరగాల్సిందని చెప్పి వచ్చాడు. అలాంటి నాలుకను చూసే కంపెనీ వాళ్లు ఆయన్ని ఇక్కడికి పిలిపించుకున్నారు.

ఇక్కడ మా బతుకంతా ఆయన వర్క్ పాస్ మీద నిలబడి ఉంది. ఉద్యోగం పోతే పాస్ పోతుంది. పాస్ పోతే బుకిట్ పంజాంగ్‌లో ఫ్లాట్ ఖాళీ చేసి, పెట్టే బేడా సర్దుకుని వెళ్లిపోవాలి. మా అమ్మాయి ఆ ఏడే ప్రైమరీ సిక్స్ పరీక్ష, అంటే ఆరో తరగతి చివర హైస్కూలు సీటు తేల్చే పరీక్ష, రాయాలి. ఏడాది చివర పాస్ రెన్యువల్ ఉంది. సరిగ్గా అప్పుడే కంపెనీ ఆయనకు కొత్త పని అప్పజెప్పింది. కోళ్లను గంటల తరబడి ఉడికించి, ఆ రసంలో నూడుల్స్ వేసి ఇచ్చే జపాను రామెన్ ఉంటుంది. దాన్ని పొడి చేసి పొట్లంలో పెట్టాలి. ఇంట్లో వేడినీళ్లు పోసుకుని తాగినవాడు రామెన్ కొట్లో కూర్చున్నాననుకోవాలి. రెన్యువల్‌కు ముందే ఆ రుచి కంపెనీ పరీక్షలో నెగ్గాలి.

"ఆఫీసులో చెప్పేయండి," అన్నాను.

"ఏమని చెప్పను? బస్సు నడుపుతాను గానీ కళ్లు కనపడవు అనా?"

ముక్కు డాక్టరు మందులేం రాయలేదు. ముక్కుకు కసరత్తు చేయించమన్నాడు. రోజూ పొద్దున, సాయంత్రం గులాబీ, నిమ్మ, లవంగం, నీలగిరి తైలం వరుసగా వాసన చూడాలట, పోయింది తిరిగి రావచ్చు, రాకపోవచ్చునట. ఆ నాలుగూ చాలవని నేను ఇంగువ కలిపాను. మొదటి రోజు ఇంగువ డబ్బా ముక్కు దగ్గర పెట్టగానే ఆయన గట్టిగా తుమ్మాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. దేవుడి గూటి ముందుకెళ్లి దీపం కూడా పెట్టాను. పొడి ముక్కులోకి పోయి తుమ్మాడని ఆయన తర్వాత తీరిగ్గా చెప్పాడు.

ఇక దారి లేక నా నాలుకను అద్దెకు తీసుకున్నాడు. ఊళ్లో మంచి కోడి రామెన్ ఎక్కడ దొరుకుతుందో వెతకాలి, నేను తాగాలి, ఎలా ఉందో చెప్పాలి, ఆయన దాన్ని పొడి చేయాలి. నాకు ఈ రామెన్ సంగతి ఓనమాలు తెలియవు. పెళ్లయ్యేదాకా నూడుల్స్ అంటే ఎగ్జిబిషన్లో ఎర్ర సాసు పోసి ఇచ్చేవే అనుకునేదాన్ని. ఆ మాటే అంటే, "అందుకే నీ నాలుక పనికొస్తుంది, దాని మీద ఇంకా ఏమీ రాయలేదు," అన్నాడు. మెచ్చుకున్నాడో తిట్టాడో తెలియలేదు.

మంచి కొట్టును ఎలా కనిపెట్టాలో ఆయనకు ఒక పద్ధతి ఉండేది. బోర్డులు, ఫోటోలు, ఇంటర్నెట్లో జనం వేసే చుక్కలు చూడకూడదు. కొట్టు వెనక వంటింటి గాలి బయటకు తోసే గొట్టం దగ్గర నిలబడితే అసలు సంగతి తెలిసిపోతుందట. ముందు వైపు అందరూ బాగానే ఉంటారట. కాబట్టి చున్నీ సర్దుకుని నేను ఒక పెద్ద మాల్ వెనక సందులోకి నడిచి, చెత్త డబ్బాల మధ్య మెడ పైకెత్తి గొట్టం కింద నిలబడ్డాను. ఆయన సందు మొదట్లో కాపలా. అంతలో సెక్యూరిటీ అంకుల్ వచ్చాడు, తమిళాయన. ఏమ్మా ఏం పోగొట్టుకున్నావని అడిగాడు. వాసన కోసం వచ్చామని నా కొద్దిపాటి తమిళంలో చెప్పాను. ఆయన నన్నూ, దూరంగా నిలబడ్డ మా ఆయన్నూ మార్చి మార్చి చూశాడు. చివరికి చాలా మెల్లగా, "ఆకలేస్తే గుడిలో మధ్యాహ్నం భోజనం పెడతారమ్మా," అని లిటిల్ ఇండియాకు ఏ బస్సు ఎక్కాలో చెప్పాడు. మాకు ఎంత అవమానమనిపించినా ఆయన మంచితనానికి థాంక్స్ చెప్పక తప్పలేదు.

దాంతో గొట్టాల పద్ధతి మానేసి సింగపూర్ పద్ధతి పట్టుకున్నాం. ఇక్కడ ఎక్కడ పొడుగాటి క్యూ ఉంటే అక్కడ మంచి తిండి ఉన్నట్టు లెక్క. ముందు నిలబడాలి, తర్వాత ఎందుకో కనుక్కోవాలి. రామెన్ కొట్లు వరసగా ఉన్న ఒక చోట బ్రహ్మాండమైన క్యూ కనపడింది. మూల తిరిగి కనపడకుండా పోయింది. చూసిన వెంటనే ఇద్దరం చేరిపోయాం. అంతా పెద్దవాళ్లే ఉండేసరికి, "చూశావా, చెయ్యి తిరిగిన పాత కొట్టు," అని ఆయన మురిసిపోయాడు. కాళ్లు పీకేదాకా నిలబడి మూల తిరిగితే అది లాటరీ టికెట్ల కౌంటరు. ఇంతసేపు నిలబడి ఖాళీ చేతులతో ఎలా వెళతామని టికెట్ కొన్నాం. తగల్లేదు.

కొట్లో కూర్చోవడం కూడా నాకు సవ్యంగా చేతకాలేదు. ఫుడ్ కోర్టులో బల్ల మీద టిష్యూ ప్యాకెట్ పెడితే ఆ చోటు మనదే, దాన్ని ఎవరూ ముట్టరు. దీన్నే చోప్ చేయడం అంటారు. ఒకరోజు నా దగ్గర టిష్యూలు లేక, అప్పుడే కొన్న కరివేపాకు కట్ట పెట్టి ఆర్డరు ఇవ్వడానికి వెళ్లాను. తిరిగొచ్చేసరికి బల్ల దగ్గర వేరేవాళ్లు కూర్చున్నారు, కరివేపాకు చెత్తబండిలో ఉంది. బల్లలు తుడిచే ఆంటీతో నేను ఇంగ్లీషులో, ఆవిడ చైనీసులో వాదించుకున్నాం. ఆవిడే చివరికి జాలిపడి కట్టను బండిలోంచి తీసి, తుడిచి, నా చేతిలో పెట్టింది. ఆ గొడవలో రామెన్ చల్లారిపోయింది.

తాగడం అన్నింటికంటే కష్టమైంది. రామెన్‌ను చప్పుడు చేస్తూ జుర్రాలట. గాలితో కలిపి లాగితేనే వాసన నోట్లోంచి ముక్కు వెనక్కి ఎక్కుతుందట. నా చిన్నప్పుడు తినేటప్పుడు నోరు చప్పుడైతే మా నాన్న కళ్లతోనే లేవగొట్టేవాడు. ఇన్నేళ్ల తర్వాత నలుగురిలో కూర్చుని మొగుడు "ఇంకా గట్టిగా, ఇంకా గట్టిగా" అంటుంటే జుర్రడం ఎంత సిగ్గు. మా అమ్మాయి మెనూ కార్డు ముఖానికి అడ్డం పెట్టుకుని సింగపూర్ యాసలో గొణిగింది.

"అమ్మా, ప్లీజ్ లా. ఎవ్రీబడీ లుకింగ్."

"చూడనీ," అన్నాను. "మీ నాన్న ఉద్యోగం నా జుర్రుడు మీద ఉంది."

మొదటి కొట్లో ఎలా ఉందని ఆయన అడిగితే, "బాగుంది," అన్నాను. రెండో కొట్లో "పర్లేదు," అన్నాను. ఆయన చాప్‌స్టిక్స్ కింద పెట్టేశాడు.

"బాగుంది అనేది రుచి కాదు, మర్యాద. ఇంటికొచ్చిన చుట్టంలా మాట్లాడకు. ఏముందో అది చెప్పు."

"నాకు మీ భాష రాదు కదండీ."

"నీ భాషలోనే చెప్పు. నేను మార్చుకుంటాను."

అలా నా భాషలో మొదలుపెట్టాను. ఒక కొట్టు రసం పసుపు వెయ్యకముందు కోడి ఉడికిన నీళ్లలా ఉందన్నాను. ఇంకోటి పెళ్లిలో చివరి బంతికి అడుగునుంచి తోడి పోసిన సాంబారులా ఉందన్నాను. ఒకచోట పైన తేలిన నూనె, దీపావళి మూడో రోజు కూడా అదే మూకుట్లో గారెలు వేసినట్టుందన్నాను. ఆయన కళ్లు మూసుకుని వినేవాడు. "అంటే కొవ్వు విరిగింది," అనేవాడు. "అంటే ఉల్లిపాయను తొందరపడి వేయించారు," అనేవాడు. నేను మా వంటింట్లోంచి ఒక మాట ఇస్తే ఆయన తన లాబొరేటరీలోంచి ఒక మాట ఇచ్చేవాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో మేమిద్దరం ఒకే విషయం మీద అంతసేపు మాట్లాడుకున్నది లేదు. అది నాకు బాగా నచ్చిందని ఇప్పుడు ఒప్పుకుంటాను. ఉద్యోగం పోతుందన్న భయం ఒక పక్క వణికిస్తున్నా, శనివారం ఎప్పుడొస్తుందా అని చూసేదాన్ని.

మా ఇంటి దగ్గర తిరిగే చిన్న రైలు ఫ్లాట్ల పక్కనుంచి వెళుతుంటే దాని కిటికీ అద్దాలు వాటంతటవే మసకబారతాయి, జనం ఇళ్లలోకి తొంగి చూడకుండా. మళ్లీ ఫ్లాట్లు దాటగానే తేటపడతాయి. మేం ప్రతి శనివారం ఆ రైల్లో కూర్చుని, ఒక్కోసారి ఏమీ కనపడకుండా, రామెన్ గురించి తెలుగులో గొడవపడుతూ వెళ్లేవాళ్లం. పక్కనున్నవాళ్లు మేం విడాకుల గురించి మాట్లాడుకుంటున్నామని అనుకుని ఉంటారు.

చివరికి వుడ్‌ల్యాండ్స్‌లో ఒక ఫ్లాట్ల బ్లాక్ కింద చిన్న కొట్టు దొరికింది. మలేసియాలోని జొహోర్‌కు వంతెన దాటి ఇళ్లకు వెళ్లే జనం గబగబా తిని పోయే చోటు. మొగుడూ పెళ్లాం ఇద్దరే నడుపుతున్నారు. ఆయన వండుతాడు, ఆవిడ వడ్డిస్తుంది, ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోరు. కోడి రామెన్ ఒక్కటే ఉంది. కొట్టుకు పేరు కూడా ఉన్నట్టు లేదు. గిన్నె ముందుకొచ్చాక నేను ఒక గుక్క జుర్రి, ఇంకో గుక్క జుర్రి, ఊరుకున్నాను. రసం చిక్కగా, గోధుమరంగుగా ఉంది. పెదాలకు అంటుకుంటోంది. పైన సన్నగా కొవ్వు తెర కట్టింది.

"ఏమైంది? చెప్పు," అన్నాడు ఆయన.

"ఉలవచారు," అన్నాను.

ఉలవచారు సంగతి ఎరగనివాళ్ల కోసం చెబుతున్నాను. మా జిల్లాలో ఎద్దులకు దాణాగా ఉలవలు ఉడకబెడతారు. ఆ ఉడికిన నీళ్లను పారబోయకుండా చింతపండు వేసి, పొయ్యి మీద గంటల తరబడి చిక్కబడేదాకా మరిగిస్తే ఉలవచారు. పైన మీగడ వేసుకుని వేడి అన్నంలో కలుపుకుంటాం. మా అత్తగారింట్లో ఎద్దులున్నన్నాళ్లూ పెరట్లో పొయ్యి మీద ఆ కుండ ఉండేది. మా ఆయన దాని పక్కనే పెరిగాడు. కొత్త కోడలిగా వెళ్లినప్పుడు నేనూ తిన్నాను. మా పుట్టింట్లో చేసేదానికంటే బాగుందని అప్పుడు పైకి అనలేదు.

"నిజంగానా?" అన్నాడు.

"నిజంగానే. అచ్చం అలాగే ఉంది."

ఇక్కడే కొంప మునిగింది. నేను చెప్పింది చిక్కదనం సంగతి, పెదాలకు అంటుకునే జిగురు సంగతి. ఆయన పట్టుకున్నది మొత్తం ఉలవచారును. ఆ పూట ఆయన ఇంకో ప్రశ్న అడగలేదు. మిగతా రామెన్ అంతా తాగేసి, గిన్నె వంచి చూసి, వడ్డించే ఆవిడకు తలవంచి దండం పెట్టాడు. ఆవిడ కంగారుపడి బిల్లు మళ్లీ కూడి చూసింది.

మర్నాటి నుంచి ఆయన మనిషే మారిపోయాడు. కొట్లు వెతకడం అయిపోయింది, ఇక నాకు తెలుసు అన్నాడు. రుచి చూద్దామంటే నాకు వీలు లేదు, ఎందుకంటే వాళ్ల ఫ్యాక్టరీ నుంచి చిటికెడు పొడి కూడా బయటికి తేకూడదు. ఇంటికొచ్చి భోజనం చేస్తూ ఉన్నట్టుండి, "జీలకర్ర వేయించి వేసేవాళ్లమా, పచ్చిదా?" అని అడిగేవాడు. రామెన్‌లో జీలకర్ర ఏమిటని నాకు అనుమానం రావాల్సింది. ఏదో పోలిక కోసం అడుగుతున్నాడనుకుని, వేయించే అని చెప్పాను.

కంపెనీలో రుచి పరీక్షకు ముందు రోజు మా ఇంటికి ఫోన్ వచ్చింది. ఆయన పై అధికారి, చైనీస్ ఆవిడ, మేము మేడమ్ అంటాం. తక్కువ మాట్లాడుతుంది. నేనే ఫోన్ తీశాను. రేపు రుచి చూసేవాళ్లలో ఒకరు తగ్గారు, నువ్వు రాగలవా అంది. మా ఆయన పక్కనే నిలబడి అంతా విన్నాడు.

"ఇంట్లోవాళ్లను పిలవకూడదు కదండీ," అన్నాను ఫోన్ పెట్టేశాక.

"పిలవకూడదు. పిలిచిందంటే తెలిసిపోయిందన్నమాట."

తెలిసిపోయిందనే తేలింది. రిపోర్టుల్లో నా మాటల్ని శాస్త్రంగా మార్చి రాస్తున్నానని చెప్పిన పెద్దమనిషి, తీరిక దొరకని రోజుల్లో వాటిని ఉన్నవి ఉన్నట్టు ఇంగ్లీషులో దింపేశాడట. పెళ్లిలో చివరి బంతి సాంబారు, మూడో రోజు గారెల నూనె, అన్నీ ఆవిడ చదివింది. కాఫీ మెషీన్ పాడై మాడు వాసన కొడుతోందని అందరూ మొత్తుకున్న వారం మా ఆయన ఒక్కడే రోజూ హాయిగా ఆ కాఫీ తాగడం కూడా చూసింది.

రుచి చూసే గది నేను ఊహించినట్టు లేదు. ఒక్కొక్కరికి ఒక్కో అర, మధ్య చెక్క గోడలు. గదంతా ఎర్రటి దీపాలు వెలిగించారు, రంగు చూసి మోసపోకూడదని. ముందు గోడలో చిన్న తలుపు ఉంటుంది. అది పైకి లేస్తుంది, ఒక చెయ్యి కప్పు పెడుతుంది, తలుపు పడిపోతుంది. కప్పుల మీద పేర్లుండవు, అంకెలే ఉంటాయి. నా ముందు తలుపు లేచినప్పుడు కప్పు పెట్టింది మా ఆయన చెయ్యే. ఇన్నేళ్లుగా నా పక్కన అన్నం కలిపే చేతిని గుర్తుపట్టనా. మాట్లాడకూడదని ముందే చెప్పారు కాబట్టి ఇద్దరం ఊరుకున్నాం.

మొదటి కప్పు మామూలు ప్యాకెట్ రామెన్. రెండోది కాస్త నయం. మూడో కప్పు గట్టిగా జుర్రాను, నేర్చుకున్న విద్య కదా. జుర్రగానే మా అత్తగారి పెరడు నోట్లోకొచ్చింది. కమ్మటి మీగడ, వేయించిన జీలకర్ర, ఎండుమిర్చి తాలింపు, పొగచూరిన కుండ. రామెన్ మచ్చుకు కూడా లేదు. పక్క అరల్లో సింగపూర్ జనం వరసగా కూర్చుని, ఎర్రటి వెలుగులో, మా ఎద్దుల దాణా నీళ్లను శ్రద్ధగా జుర్రుతున్నారు. నవ్వూ ఏడుపూ ఒకేసారి ముంచుకొచ్చాయి.

మేడమ్ వచ్చి నా వెనక నిలబడింది. మూడో కప్పు చూపించి, ఇది రామెనేనా అని అడిగింది.

అవునంటే ఒక చిక్కు, కాదంటే ఒక చిక్కు. మా అమ్మాయి పరీక్ష, ఫ్లాట్, పాస్, అన్నీ కళ్ల ముందు తిరిగాయి. ఇన్ని నెలలూ ఆయన నా నోటి మాట ఒక్కటే నమ్ముకుని బతికాడు. ఇక్కడ అబద్ధం ఆడితే, అంతకుముందు ఆ బల్లల దగ్గర కూర్చుని నేను చెప్పినవన్నీ కూడా అబద్ధాలైపోతాయనిపించింది. నాకు చాలా భయమేసింది. అయినా కాదనే చెప్పాను.

"కాదని నాకూ తెలుసు. అయితే ఏమిటిది?" అంది ఇంగ్లీషులో.

వివరంగా చెబుదామనుకున్నాను. కంగారులో నోట్లోంచి, "ఎద్దులకు పెట్టేది మేడమ్," అని వచ్చేసింది.

ఆవిడ కప్పులోకి చూసింది. కప్పు నా ముందు నుంచి తీసుకుని మిగిలింది కూడా తాగేసింది. తర్వాత మా ఆయన్ని పిలిచి, వాసన పోయి ఎన్నాళ్లయింది అని అడిగింది. ఆయన దాచలేదు. రామెన్ పని ఇంకొకరు చూస్తారు, నువ్వు సోమవారం నుంచి పొడులు కలిపే విభాగానికి వెళ్లు, అక్కడ నాలుకతో పని లేదు, పాస్ కాగితాలు పంపిస్తాను అంది. అక్కడినుంచి వెళుతూ వెళుతూ వెనక్కి తిరిగి, దానివల్ల ఎద్దులు బాగా బలుస్తాయా అని నన్ను అడిగింది. బలుస్తాయన్నాను.

ఉద్యోగం నిలబడింది, పిల్ల పరీక్ష రాస్తుంది. సంతోషించాల్సిందే. కానీ ఇక రుచులు చేసే పని ఆయనకు తిరిగి దక్కదని ఇద్దరికీ తెలుసు. మా చిన్న రైలు ఎక్కి కూర్చున్నాక, ఎటో చూస్తూ, "ఎలా ఉంది?" అన్నాడు.

"ఉలవచారు. మీ ఇంటిదే."

"ఎద్దుల కోసం దించిందా, మనకోసం కాచిందా?"

"మనకోసమే. తాలింపు వేసి, మీగడ వేసి."

"మీగడ తెలిసిందా?"

"తెలిసింది. ముందు అదే తెలిసింది."

"పొగ వాసన ఎక్కువైందా?"

"లేదు. కుండలో ఉన్నంతే ఉంది."

ఆయన రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకున్నాడు. "ఉప్పు ఒక్కటే నా అంతట నేను చూసుకోగలిగింది. మిగతాదంతా తలుచుకుని వేశాను," అన్నాడు. "ఈమధ్య పడుకునే ముందు ఒక్కో వాసనా గుర్తు తెచ్చుకుంటుంటే సగం రావట్లేదు. అన్నీ పోతున్నాయనుకున్నాను. అయితే ఇది నాకింకా గుర్తుందన్నమాట."

"గుర్తుంది," అన్నాను.

అప్పుడు ఏడ్చాడు. ఎదురుగా యూనిఫాంలో ఉన్న పిల్లలు చూపు పక్కకు తిప్పుకున్నారు. నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను. ఆయన కళ్లు తుడుచుకుని, వెల్లుల్లి ఎలా ఉంది, కరివేపాకు ఎలా ఉంది అని ఒక్కొక్కటే అడగడం మొదలుపెట్టాడు, నేను ఒక్కొక్కటే చెబుతున్నాను. ఆ ధ్యాసలో మా స్టేషన్ దాటిపోయింది. ఆ రైలు గుండ్రంగా తిరిగేది కాబట్టి మా స్టేషన్ మళ్లీ వచ్చింది. అప్పటికి మేమింకా ఆవాల దగ్గరే ఉన్నాం.